పొడి చేతుల మాస్టారు

మార్చి 3, సోమవారం

పరగడుపున 138.

క్లినిక్కులో నర్సమ్మ ఇచ్చిన పుస్తకంలో తేదీకొక గడి, అంకెకొక గడి ఉన్నాయి. నాలాంటి వాగుడుకాయకి ఆ గడులు ఏ మూలకి? అందుకే మనవరాలి పాత నోటుపుస్తకంలో మిగిలిపోయిన కాగితాలు తీసుకున్నాను. ఆ పుస్తకం నర్సమ్మకి, ఇది నాకు. ఇందులో ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

షుగరు మాత్రలకి లొంగలేదని పోయిన వారం ఇన్సులిన్ మొదలుపెట్టారు. రోజూ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం భోజనానికి ముందు ఒకసారి వేలు పొడుచుకుని చూసుకోవాలి. మధ్యాహ్నం వచ్చిన అంకెని బట్టి మందు. నూట యాభై లోపుంటే ఆరు యూనిట్లు, రెండొందల లోపు ఎనిమిది, రెండొందల యాభై లోపు పది, ఆపైన పన్నెండు. నర్సమ్మ చీటీ మీద రాసిచ్చింది. దాన్ని పర్సులో మా ఆవిడ ఫొటో పక్కన పెట్టుకున్నాను. ఇద్దరి మాటా జవదాటకూడదు కదా.

మీటరు అరచేతిలో ఇమిడిపోతుంది. బొట్టు రక్తం అంటిస్తే ఐదు సెకన్లలో లోపలి గుట్టు చెప్పేస్తుంది. ముప్ఫై మూడేళ్ళు కాపురం చేసినా మా ఆవిడకి చిక్కని గుట్టు అది. మా నాన్నకీ ఇదే జబ్బు. ఆయన కాలంలో ఇలాంటివి ఇళ్ళల్లో లేవు. కాలివేలు నల్లబడ్డాక గాని సంగతి తెలియలేదు. ఇవాళ ఆయన్ని తలుచుకుని మీటరుకి దణ్ణం పెట్టాను.

"నాకెప్పుడూ పెట్టిన పాపాన పోలేదు," అంది మా ఆవిడ.

మార్చి 5, బుధవారం

పరగడుపున 131. మధ్యాహ్నం 271.

వారం సెలవు తర్వాత ఇవాళే బేకరీలో అడుగుపెట్టాను. బల్ల మీద దుమ్ము లేదు. నేను లేనప్పుడు కూడా ఓనరు రోజూ తుడిపించాడట. మనిషి నోరు పెద్దదే గాని మనసు మంచిది.

నా పని కేకుల మీదకి చక్కెర పూలు చెయ్యడం. పిండిలా మెత్తగా ఉండే ఐసింగ్ షుగర్‌ని జిగురుతో ముద్ద చేసి, కాగితమంత పల్చగా ఒత్తి, రేకు రేకు అతికించాలి. ఈ పనికి తడి పగ. తడి చెయ్యి తగిలిందంటే గంటసేపు చేసిన గులాబీ కాస్తా గంజిలా జారిపోతుంది. నా బల్ల దగ్గర నీళ్ళ గ్లాసు కూడా పెట్టనివ్వను. పొద్దున పనిలో దిగే ముందు మోచేతుల దాకా కడుక్కుంటాను. ఆ తర్వాత పూలన్నీ ఆరబెట్టేదాకా చేతికి పొడిబట్టే. మధ్యాహ్నం భోజనం కూడా చెంచాతోనే. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే పద్ధతి. అందుకే బేకరీలో అందరికీ నేను పొడి చేతుల మాస్టారిని.

ఒంటిగంటకి స్పిరిట్ దూదితో వేలు శుభ్రంగా తుడుచుకుని పొడిచాను. మొదట చేతులు కడుక్కోమని నర్సమ్మ చెప్పింది గాని, నీళ్ళకంటే స్పిరిట్ పెద్ద మందు కదా. ఆస్పత్రిలో వాళ్ళు వాడేది అదే.

మీటరులో 271. చీటీ ప్రకారం పన్నెండు యూనిట్లు వేసుకున్నాను. పొద్దున క్రీము రుచి చూసిన మాట నిజం. అదీ చెంచా కొసన. రుచి చూడటం తినడం కిందకి రాదు. వంటవాడు ఉప్పు చూసినంత మాత్రాన భోంచేసినట్టా?

నాలుగింటికి బడి నుంచి మనవరాలిని బండి మీద తీసుకొచ్చాను. ఏడేళ్ళది, మేం పెట్టుకున్న ముద్దుపేరుకి తగ్గట్టు పిడుగే. వెనక కూర్చుని ఇంటిదాకా ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడుతుంది. రోజు మొత్తంలో నాకిష్టమైన పావుగంట అది. ఆ పావుగంట కోసమైనా ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలి.

మార్చి 7, శుక్రవారం

మధ్యాహ్నం 284.

సరే, రేపట్నుంచి చెంచా కొస కూడా లేదు.

మార్చి 9, ఆదివారం

ఇంట్లో మధ్యాహ్నం 126! మా ఆవిడకి చూపిస్తే పరీక్ష పాసైన కొడుకుని చూసినట్టు చూసింది. ఆరు యూనిట్లు. సాయంత్రం కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. ఇంటి తిండికి, ఇంటి మనిషికి వెయ్యి దణ్ణాలు.

మార్చి 11, మంగళవారం

మధ్యాహ్నం 290. పన్నెండు.

ఒట్టు. ఇవాళ నోట్లోకి ఏదీ పోనివ్వలేదు. క్రీము కూడా ఓనరునే రుచి చూడమన్నాను. ఆయన మీసాలకి అంటించుకుని, "బానే ఉంది మాస్టారూ, ఇంతకాలం మీరొక్కరే మేశారు ఇదంతా," అన్నాడు. నవ్వాను గాని నవ్వు రాలేదు.

మార్చి 13, గురువారం

మధ్యాహ్నం 279. పన్నెండు.

ఎండ ఎక్కువగా ఉంది. బడి నుంచి వచ్చేటప్పుడు చేతులు కాస్త వణికాయి. చెమట. బండి ఓ గోడ పక్కన ఆపి కూర్చున్నాం. పిడుగు సంచిలో బిస్కెట్లుంటే రెండు తిన్నాను. పది నిమిషాల్లో మామూలైపోయాను. ఇంట్లో చెప్పొద్దని దానికి చెప్పాను. ఊరికే కంగారు పడతారు.

ఎండే.

మార్చి 14, శుక్రవారం

302. పన్నెండు.

మార్చి 18, మంగళవారం

ఇవాళ బడికి నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను.

దారి తప్పాను. తొమ్మిది నెలలుగా రోజూ వెళ్ళే దారి. మందుల షాపు దగ్గర కుడివైపు తిరగాలి. తిన్నగా వెళ్ళిపోయాను. ఎక్కడికి వెళ్తున్నానో కాసేపు తెలియలేదు. ఒక పళ్ళబండి దగ్గర ఆగాను. పళ్ళమ్మే అమ్మాయి నా మొహం చూసి అడక్కుండానే చల్లటి రసం గ్లాసు చేతిలో పెట్టింది. తాగాక ఊరంతా మళ్ళీ దాని చోట్లోకి అది వచ్చింది. ఆ అమ్మాయి ఎవరో, ఎప్పటికీ చల్లగా ఉండాలి.

నేను చేరేసరికి పిడుగు వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని ఉంది. టీచరు అప్పటికే అమ్మాయికి, అంటే దాని అమ్మకి, ఫోన్ చేసేసింది. పంక్చర్ అని చెప్పాను.

మార్చి 19, బుధవారం

పొద్దున అమ్మాయి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతిలో నా మీటరు. అందులో పాత అంకెలన్నీ దాచిపెట్టి ఉంటాయని నాకు తెలుసు గాని, అవి ఎలా తీస్తారో తెలియదు. కళ్ళద్దాల షాపులో రోజంతా చిన్న అక్షరాలు చదివించే పిల్లకి అదొక లెక్కా?

"నాన్నా, ఆదివారాలు నూట ఇరవై. బేకరీలో ఉన్న రోజుల్లో రెండొందల ఎనభై, మూడొందలు. దీనికేమంటావ్?"

"ఏమంటాను? నాకూ అర్థం కావట్లేదు."

"నాకు అర్థమవుతోందిలే. ఇంట్లో అమ్మ చూస్తూ ఉంటుంది. అక్కడ చూసేవాళ్ళు లేరు."

"నేను తినట్లేదే!"

"బండికి పంక్చర్ కూడా అవ్వలేదు. రెండు టైర్లూ చూశా."

దొంగకి తేలు కుట్టినట్టయింది. పంక్చర్ అబద్ధమైనప్పుడు తినలేదన్న మాట మాత్రం ఎవరు నమ్ముతారు?

అమ్మాయి గొంతు పెంచలేదు. పెంచినా బావుండేది. "నీ ఒళ్ళు నీ ఇష్టం. కానీ నా బిడ్డని నీ వెనక కూర్చోబెట్టను నాన్నా. వాళ్ళ నాన్న ఓడ మీద ఉన్నాడు. దానికేమన్నా అయితే ఆయనకి నేనేం చెప్పను? రేపట్నుంచి అమ్మ నడిపించుకొస్తుంది," అని మీటరు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి అంతా వింది. "నిజం చెప్పండి. నేనేమీ అనను," అంది. ముప్ఫై మూడేళ్ళ తర్వాత ఆవిడ కూడా అలా అడిగితే ఒళ్ళు మండిపోయింది. టిఫిన్ ముట్టుకోకుండా పనికి పోయాను.

మార్చి 20, గురువారం

ఇవాళ రాసేదేమీ లేదు.

మార్చి 22, శనివారం

మధ్యాహ్నం 288.

మా ఆవిడకి మోకాళ్ళ నొప్పి. అయినా ఎండన పడి బడికి వెళ్ళొస్తోంది. "నడిస్తే మంచిదేలెండి," అంటూ వేణ్ణీళ్ళ సంచి కట్టుకుని కూర్చుంటుంది. నన్ను ఒక్క మాట అనదు. ఆవిడ ఓర్పుకి నేనేం చేసి రుణం తీర్చుకోను?

సాయంత్రం పిడుగు వచ్చి, "అమ్మమ్మతో వస్తే అన్ని కుక్కల్నీ చూడొచ్చు. నీ బండి మీదైతే కుక్కలన్నీ వెనక్కి పారిపోతాయి," అంది. నన్ను ఓదారుస్తోందని అర్థమైంది. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ఏదో అడగబోయి మానేసింది.

మార్చి 27, గురువారం

నిన్న రాయలేకపోయాను. పొద్దున్నే లేచి రాస్తున్నాను. ఎవరూ లేవలేదు. పరగడుపున 112, కడిగిన చేతులతో.

నిన్న మూడంతస్తుల పెళ్ళికేకు పని. నూట ఇరవై గులాబీలు. నేనొక్కణ్ణి. పన్నెండున్నరకి తలెత్తి చూస్తే గుమ్మంలో అమ్మాయి. షాపులో సగం రోజు సెలవు పెట్టి, చెప్పకుండా వచ్చింది. నన్ను పట్టుకోవడానికే వచ్చిందని చెప్పక్కర్లేదు. నా టిఫిన్ డబ్బా తీసి చూసింది, సొరుగు లాగి చూసింది. నేను పూలు చేసుకుంటూ ఊరుకున్నాను.

ఓనరు వచ్చి, "అమ్మాయ్, మంచి టైముకొచ్చావ్. ఐదింటికి కేకు పోవాలి. మీ నాన్నకి ఓ చెయ్యెయ్యి," అన్నాడు. వద్దనడానికి నోరు తెరిచింది గాని, బల్ల చూశాక మనసు ఆగలేదేమో, కూర్చుంది. చిన్నప్పుడు బడి వదిలాక ఈ బల్ల దగ్గరే పెరిగింది. పదిహేనేళ్ళు దాటాయి ముద్ద ముట్టుకుని. అయినా వేళ్ళు మర్చిపోలేదు. అరగంటలో ముప్ఫై గులాబీలకి రేకులు ఒత్తింది, నాకంటే పల్చగా. ఇద్దరం మాట్లాడుకోలేదు గాని, వారం రోజుల్లో అంత హాయిగా ఎప్పుడూ లేదు.

ఒంటిగంట అయింది. "ఏదీ, నా ముందు చూసుకో," అంది. స్పిరిట్ దూదితో తుడిచి పొడుచుకున్నాను. 296.

"ఇప్పుడేమంటావ్? నీ ఎదురుగానే ఉన్నానుగా. నోట్లో ఏమన్నా పెట్టానా?"

అమ్మాయి మొహం తిప్పుకుంది. నేను గెలిచినట్టే అనుకుని పన్నెండు యూనిట్లు వేసుకున్నాను. డబ్బా మూత తీస్తుంటే, "ఆగు. ఈ మీటరే పాడైందేమో," అని కొత్త సూది పెట్టుకుని, దూదితో తుడుచుకుని, తన వేలు పొడుచుకుంది.

338.

ఇంకో స్ట్రిప్పు తీసి చూసింది. 341.

అమ్మాయి మొహం మైదాలా తెల్లబడింది. పక్కనే ఉన్న పిండి బస్తా మీద కూలబడి, "నాన్నా, నాక్కూడానా?" అంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ మనిషి. పిడుగు ఎలా అడుగుతుందో అలాగే అడిగింది.

ఈ జబ్బు మా నాన్న నాకిచ్చాడు, నేను దానికిచ్చాను. ఆ క్షణాన నా మనసులో ఒకటే కోరిక. నేను నిజంగా దొంగతిండి తినే ముసలాడినే అయ్యుండాలి, మీటరు దాని విషయంలో మాత్రం తప్పు చెప్పాలి. భోజనం డబ్బా అక్కడే వదిలేశాను. "పద, క్లినిక్కుకి పోదాం," అన్నాను. బండి అది నడిపింది, నేను వెనక కూర్చున్నాను. దారిలో రెండుసార్లు, "ఏం కాదమ్మా," అన్నాను. అది వినబడిందో లేదో.

నర్సమ్మ అంతా విని తాపీగా, "ముందు ఆ కొళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కురామ్మా," అంది.

"స్పిరిట్‌తో తుడుచుకున్నానండీ."

"తుడుచుకున్నది చాలు, కడుక్కో."

కడుక్కుని, ఆరబెట్టుకుని వచ్చింది. నర్సమ్మ పొడిచింది. 94.

అమ్మాయి అంకె వైపు, నర్సమ్మ వైపు మార్చి మార్చి చూసింది. "ఏం పని చేసొచ్చావ్ తల్లీ?" అని నర్సమ్మ అడిగితే, "చక్కెర పూలు," అంటూనే ఏడ్చేసింది. ఏడుపులోనే నవ్వింది. నేను ఆ పక్క బల్ల మీద కూర్చుని, వేల మంది దేవుళ్ళకి ఒకేసారి థాంక్స్ చెప్పుకుంటున్నాను. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఆనందం వల్లే అనుకున్నాను.

నర్సమ్మ నా వైపు చూసింది. చూపు మారిపోయింది.

"మాస్టారూ, మీరు కూడా కడుక్కోండి. ఒక్క చెయ్యే. ఎడమది."

కడుక్కోవడానికి లేస్తే తూలాను. అమ్మాయి పట్టుకుంది. ఎడమ చెయ్యి 61. అదే నిమిషంలో నర్సమ్మ నా కడగని కుడి చెయ్యి వేలు పొడిచింది. 277. ఒకే మనిషి, ఒకే రక్తం.

"ఎన్ని యూనిట్లు వేసుకున్నారు?"

"పన్నెండు."

"భోంచేశారా?"

"లేదు. అమ్మాయికి..."

నర్సమ్మ మాట పూర్తి చెయ్యనివ్వలేదు. గ్లూకోజు నీళ్ళు రెండు గ్లాసులు తాగించి మంచం మీద పడుకోబెట్టింది. పావుగంటకోసారి చూస్తూ సాయంత్రం దాకా కదలనివ్వలేదు. "మీ ఒంటికి కావాల్సింది ఆరు. రోజూ పన్నెండు పొడుచుకుంటున్నారు. ఆ చెమటలు, వణుకు, దారి తప్పడం, అన్నీ అందుకే. మొదటి రోజే చెప్పానా లేదా కడుక్కోమని?"

"స్పిరిట్ ఇంకా మంచిదనుకున్నానమ్మా."

"స్పిరిట్ సూక్ష్మక్రిముల కోసం. దాంతో చక్కెర పోదు. మీ వేలిమీది చక్కెరే మీటరులోకి పోతోంది."

"నా చేతులకి మురికుండదమ్మా," అన్నాను. పౌరుషం చూడు నాకు, ఆ మంచం మీద కూడా!

నిజానికి మాకు చక్కెర మురికి కింద లెక్క కాదు. గోళ్ళలో ఉంటుంది, కనురెప్పల మీద ఉంటుంది, ఇంటికెళ్ళి చొక్కా దులిపితే రాలుతుంది. దాన్ని కడుక్కోవాలని ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కనాడూ తోచలేదు. బల్ల దగ్గర తడి చెయ్యి పనికిరాదని శాసనం పెట్టిందీ నేనే. ఆ శాసనమే నన్ను చంపబోయింది.

అమ్మాయి సాయంత్రం దాకా మంచం పక్కనే కూర్చుంది. అది నన్ను నమ్మి ఉంటే నిన్న బేకరీకి వచ్చేది కాదు. రాకపోతే ఈ పాటికి నేనెక్కడుండేవాణ్ణో. నా బిడ్డ అనుమానానికి కూడా రుణపడి ఉన్నాను.

కేకు సంగతి మర్చిపోయాను. మిగిలిన గులాబీలు ఓనరు తనే అతికించాడట. ఫోన్‌లో ఫొటో పంపాడు. క్యాబేజీల్లా ఉన్నాయి. అయినా ఆయన చల్లగా ఉండాలి.

మార్చి 29, శనివారం

బల్ల పక్కన ఓనరు కొత్త కొళాయి పెట్టించాడు. ఒంటిగంటకి సబ్బుతో కడుక్కుని, మళ్ళీ పూల జోలికి పోవడానికి ముందు పావుగంట ఆరబెట్టుకుంటున్నాను. మధ్యాహ్నం 119. ఆరు యూనిట్లు. రెండు రోజులుగా మూడింటికి వణుకు లేదు. ఒంట్లోకి నేను తిరిగొచ్చినట్టుంది.

భోజనాల దగ్గర అమ్మాయి, "నాన్నా, నిన్ను దొంగని చేశాను. నన్ను క్షమించు. సోమవారం నుంచి పిడుగుని నువ్వే తీసుకురా," అంది. మా ఆవిడ వడ్డించడం ఆపి కళ్ళు తుడుచుకుంది.

"పోనీలేమ్మా, తెలియక అన్నావ్," అన్నాను, పెద్దమనిషిలా.

మార్చి 30, ఆదివారం

పిడుగు నా చెవిలో, "తాతా, ఆ గోడ దగ్గర బిస్కెట్ సంగతి ఇప్పుడు అమ్మకి చెప్పొచ్చా?" అని అడిగింది.

పదిహేడు రోజులు మోసింది. ఏడేళ్ళ పిల్ల. మొన్న ఒళ్ళో కూర్చుని అడగబోయి మానేసింది ఇదే.

ఇక్కడైనా నిజం రాస్తాను. పదమూడో తారీకున ఎండ లేదు. మబ్బు పట్టి ఉంది. చేతులు వణికినప్పుడు బండి గోడకి రాసుకుంది. పిడుగు మోకాలు గీరుకుంది. ఇంట్లో అడిగితే ఆటల్లో పడ్డానని చెప్పమన్నాను. అది అలాగే చెప్పింది. మర్నాడు మళ్ళీ అదే బండి మీద దాన్ని ఎక్కించుకున్నాను. మీటరు తప్పు చెప్పడం వేరు, నేను తప్పు చెప్పడం వేరు. అమ్మాయి రెండూ కలిపి క్షమించేసింది. నేను నోరు మూసుకుని తీసుకున్నాను.

ఇరవయ్యో తారీకున రాసేదేమీ లేదని రాశాను. ఉంది. ఆ రోజు కోపంతో చాక్లెట్ కేకు ముక్క తిన్నాను. ముక్క కూడా కాదు, రెండు.

మార్చి 31, సోమవారం

పిడుగు ఇంకా నిద్ర లేవకముందే అమ్మాయికి అంతా చెప్పాను. గోడ, మోకాలు, అబద్ధం, కేకు. కేకు దగ్గర కనురెప్ప కూడా కదల్లేదు. మోకాలు దగ్గర లేచి నిలబడింది.

"దాంతో అబద్ధం చెప్పించావా నాన్నా?"

"చెప్పించాను."

లోపలికెళ్ళి పిడుగు పక్కన పడుకుంది. మధ్యాహ్నం మా ఆవిడే మోకాళ్ళకి గుడ్డ కట్టుకుని బడికి వెళ్ళింది. సాయంత్రం నేను పిడుగుని పిలిచి, "చెప్పేశానమ్మా. నువ్విక దాచక్కర్లేదు. తాతది తప్పు," అన్నాను. "హమ్మయ్య," అని ఆడుకోవడానికి పరిగెత్తింది. దానికి అంతే. ఆ 'హమ్మయ్య' విన్నాక నాకు పడిన శిక్ష తక్కువే అనిపించింది.

ఏప్రిల్ 2, బుధవారం

మధ్యాహ్నం 122. అమ్మాయి మాట్లాడలేదు.

ఏప్రిల్ 3, గురువారం

పొద్దున అమ్మాయి కాఫీ తెచ్చి నా ముందు పెట్టింది. చక్కెర లేకుండా, నాకు కావాల్సినంత చిక్కగా.

"రేపట్నుంచి తీసుకురా. నర్సమ్మని అడిగాను. బండి ఎక్కే ముందు వంద పైన ఉండాలట. మూడున్నరకి చూసుకుని నాకు ఫోన్ చెయ్యి. వందకి తక్కువైతే నేను వెళ్తా."

"మీటరు సాయంత్రం చూపిస్తాలే."

"మీటరు నేను ఇక ముట్టుకోను నాన్నా. నువ్వేం చెప్తే అదే."

కాఫీ చల్లారిపోయేదాకా తాగలేకపోయాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

పొద్దున్నే బండి కడిగాను. పిడుగు, "ఇవాళ తాత, ఇవాళ తాత," అని పాట కట్టి గంతులేసింది. మా ఆవిడ, "ఏం మోకాళ్ళో, ఈ రోజు నొప్పే లేదు," అంది. ఉన్నది లేదనడంలో మా ఇంట్లో ఆవిడా తక్కువ తినలేదు.

మూడున్నరకి సబ్బుతో కడుక్కుని చూసుకున్నాను. 82.

ఒంట్లో బాగానే ఉంది. వణుకు లేదు, చెమట లేదు. బడి పావుగంట దూరం. కాస్త గ్లూకోజు నోట్లో వేసుకుంటే దారిలోనే వంద దాటుతుంది. నూట ఐదని చెప్తే అడిగేవాళ్ళు లేరు, చూసేవాళ్ళు లేరు. ఇదంతా ఫోన్ చేతిలో పట్టుకుని ఆలోచించాను. ఆలోచించలేదని రాస్తే అది కూడా అబద్ధమే.

"అమ్మా, ఎనభై రెండు. నేను వెళ్ళట్లేదు," అన్నాను.

అటువైపు నుంచి అమ్మాయి, "సరే నాన్నా. కాస్త ఏమన్నా తిని కూర్చో. నేను బయల్దేరుతున్నా. సోమవారం నువ్వెళ్దువుగాని," అంది. పెట్టేయబోతూ మళ్ళీ, "నాన్నా," అంది. ఆ ఒక్క మాటే అని పెట్టేసింది.

గ్లూకోజు తాగి బల్ల దగ్గర కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నా ఒళ్ళు దాచిన గుట్టు చెప్తుందని ఆ మీటరుకి దణ్ణం పెడుతూ వచ్చాను. నేను చెప్పాల్సింది నేనే చెప్పాలని తెలియడానికి ఇంత కాలం పట్టింది. ఇప్పటికైనా తెలిసింది, అదే పదివేలు.

నాలుగున్నరకి తల్లీకూతుళ్ళిద్దరూ తిన్నగా బేకరీకే వచ్చారు. షాపు నిండా జనం. పిడుగు గుమ్మంలోంచే అరిచింది.

"తాతా! నీకు ఎనభై రెండంటగా!"

అందరూ తిరిగి నా వైపు చూశారు.

"అవునే తల్లీ, ఎనభై రెండు," అన్నాను, అంత గట్టిగానూ.